ఆన్‌లైన్ డ్రాగ్ రేసింగ్ లీగ్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రతి సీజన్ ముందూ మా లీగ్ వాట్సాప్ గ్రూపులో అవే సందేహాలు వస్తున్నాయి. రాత్రి పదకొండింటికి ఒకరు డయల్-ఇన్ అంటే ఏంటని అడుగుతారు, ఓపిగ్గా రాసి పెడతాం, తెల్లారేసరికి ఆ మెసేజ్ గుడ్ మార్నింగ్‌ల కింద ఎక్కడో మునిగిపోయి ఉంటుంది, ఇంకొకరు మళ్లీ అదే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. హైదరాబాద్‌లో మేం కొందరం శని, ఆదివారాల రాత్రుళ్లు నడుపుకునే చిన్న లీగ్ ఇది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## చేరే ముందు

గేర్లు నొక్కడమే కదా, దీనికి మళ్లీ లీగ్ ఎందుకు?

ఆట చూడ్డానికి అంతే. తిన్నటి ట్రాక్, రెండు కార్లు, 1320 అడుగులు, అంటే సుమారు 402 మీటర్లు, పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది. కానీ అమెరికాలో వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టింది కూడా రోడ్ల మీద ఎవరికి తోచినట్టు వాళ్లు తోలుకుంటున్న ఈ పోటీని ట్రాక్ మీదకి, రూల్స్ కిందకి తేవడానికే. అంతకుముందు జెండా ఊపి రేసు మొదలుపెట్టేవాళ్లు, 1963లో క్రిస్మస్ ట్రీ అనే లైట్ల స్తంభం వచ్చాక స్టార్ట్ దగ్గర వాదన తగ్గింది. ఆన్‌లైన్‌లోనూ అదే కథ. గేమ్ దొరికినవాళ్లతో జత కలిపేసే రేసులో గెలిస్తే కారు వల్ల గెలిచామో చేతి వల్ల గెలిచామో తెలియదు. లీగ్‌లో అదే పదహారు మంది, అవే రూల్స్, ఎనిమిది వారాలు. మూడో వారానికల్లా ఎవరి చెయ్యి ఎంత నిలకడగా ఉందో అందరికీ తెలిసిపోతుంది.

ఏ గేమ్ ఆడతారు? నా ఫోన్‌లో ఉన్నది పనికొస్తుందా?

సీజన్‌కి ఒక గేమ్ ఓటు వేసి ఎంచుకుంటాం. మా గ్రూపులో ఎక్కువమందికి సీఎస్ఆర్ రేసింగ్ 2, నిట్రో నేషన్, నో లిమిట్ డ్రాగ్ రేసింగ్ 2 అలవాటు. కన్సోల్, పీసీ ఉన్నవాళ్లు ఫోర్జా హొరైజన్ 5లో విడిగా ఆడుకుంటారు. ఎంచుకునేటప్పుడు గ్రాఫిక్స్ కన్నా ముందు మూడు విషయాలు చూస్తాం: మనకు కావలసిన మనిషితోనే రేసు పెట్టుకునే వీలుందా, టైమ్ సెకనులో వెయ్యో వంతు దాకా చూపిస్తుందా, ఎదుటివాడు నిజంగా అదే క్షణంలో ఆడుతున్నాడా లేక అతను ఎప్పుడో ఆడిన పరుగు రికార్డింగ్‌తో మనం పోటీ పడుతున్నామా. మొబైల్ గేముల్లో ఈ రికార్డింగ్ పద్ధతి చాలా ఉంది. అదేమీ తప్పు కాదు, దానికి తగ్గట్టు లెక్క మార్చుకుంటే చాలు.

అన్నా, నా కారు స్లో. డబ్బు పెట్టి టాప్ కార్లు కొన్నవాళ్ల మీద నేనెట్లా గెలుస్తా?

ఎక్కువమంది అడిగేది ఇదే, లీగ్ పెట్టాలని నాకు అనిపించింది కూడా దీనికోసమే. జవాబు పేరు బ్రాకెట్ రేసింగ్. నిజమైన డ్రాగ్ స్ట్రిప్‌ల మీద మామూలు ఉద్యోగస్తులు ఇంటి కారుతో వచ్చి ఆడేది ఎక్కువగా ఈ పద్ధతిలోనే.

రేసుకు ముందు ఎవరి కారు ఎంత టైమ్‌లో పరిగెడుతుందో వాళ్లే రాసి ఇవ్వాలి. దాన్ని డయల్-ఇన్ అంటారు. మీది 12.50, ఎదుటివాడిది 10.20 అనుకోండి. మీరు 2.30 సెకన్లు ముందు బయల్దేరుతారు. మీ లైటు పచ్చబడ్డాక మీరు 0.060 సెకనుకి కదిలారు, కారు 12.54లో వెళ్లింది. అతను తన లైటు పచ్చబడ్డాక 0.110కి కదిలాడు, కారు 10.21లో వెళ్లింది. మీరు చెప్పిన టైమ్ కన్నా 0.04 ఎక్కువ పట్టింది, దానికి 0.060 కలిపితే 0.100. అతనిది 0.01, 0.110 కలిపితే 0.120. మీరు 0.020తో గెలిచారు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో అది మీటరు పైచిలుకు దూరం, కంటికి కనిపించే తేడా.

మరి 12.50 బదులు 13 రాసేస్తే ఇంకా ముందు వదుల్తారు కదా అంటారు. చెప్పిన టైమ్ కన్నా త్వరగా వెళ్తే బ్రేక్‌అవుట్, ఓడిపోయినట్టే. ఇద్దరూ బ్రేక్‌అవుట్ అయితే తక్కువ తేడాతో అయినవాళ్లు గెలుస్తారు. అందుకే ఇక్కడ అబద్ధం చెప్పినవాడికి లాభం ఉండదు. పోయిన సీజన్‌లో పాత ఫోన్‌లో స్టాక్ కారుతో, అంటే ఏ మార్పూ చేయని కారుతో ఆడిన ఒక డిగ్రీ కుర్రాడు సెమీస్ దాకా వచ్చాడు, గ్యారేజీ నిండా ఖరీదైన కార్లున్నవాళ్లను దాటుకుని. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం నేను గెలిచిన రోజు కూడా కలగలేదు.

ఆన్‌లైన్ రూములో ఇద్దర్నీ ఒకేసారి వదుల్తుంది గేమ్. మరి బ్రాకెట్ ఎలా ఆడతారు?

లెక్కతో ఆడతాం. రియాక్షన్ టైమ్‌కి, అంటే పచ్చ లైటు పడ్డాక కదలడానికి పట్టిన సమయానికి, పరుగు టైమ్‌లోంచి డయల్-ఇన్ తీసేస్తే మిగిలినది కలపండి. బ్రేక్‌అవుట్ కాకుండా ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఇద్దరూ వేర్వేరు సమయాల్లో పరిగెత్తినా ఈ లెక్క నిలబడుతుంది. ఒక్కటే లోటు: ముగింపు గీత దగ్గర ఎదుటి కారును చూసి, అవసరమైనంతే ముందుండి, బ్రేక్‌అవుట్ కాకుండా యాక్సిలరేటర్ కొంచెం వదిలేయడం అనే విద్య ఉంటుంది, ఆ అందం ఇందులో పోతుంది.

నాకు 16 ఏళ్లు, చేరొచ్చా?

అమ్మానాన్నల్లో ఒకరు గ్రూప్ అడ్మిన్‌తో ఫోన్‌లో మాట్లాడితే చేరొచ్చు. 18 లోపు వాళ్ల రేసులు రాత్రి 9 లోపే పెడతాం. ఇంటర్ పరీక్షల రోజుల్లో సీజన్ పెట్టం, దసరాకి రెండు వారాలు సెలవు.

వారానికి ఎంత టైమ్ పోతుంది?

ఎవరికి ఎవరు జతో తేల్చే క్వాలిఫయింగ్ పరుగులకి అరగంట, ఓడినవాళ్లు తప్పుకుంటూ పోయే ఎలిమినేషన్ రాత్రి గంటన్నర. ప్రాక్టీస్ మీ ఇష్టం, కానీ రోజుకి ఇరవై పరుగులు శ్రద్ధగా చేసినవాళ్లు వందసార్లు ఊరికే నొక్కినవాళ్ల కన్నా బాగుపడటం చూశాను.

## కారు, ట్యూనింగ్

ట్యూన్, అంటే కారు సెట్టింగులు, ఇంకొకరివి కాపీ కొట్టొచ్చా?

కొట్టొచ్చు, మా గ్రూపులో అడిగితే చాలామంది స్క్రీన్‌షాట్ ఇస్తారు కూడా. కానీ ట్యూన్ ఆ మనిషి లాంచ్‌కి (స్టార్ట్‌లో కారుని వదిలే తీరుకి), అతను గేరు మార్చే చోటుకి కుదిరి ఉంటుంది. అదే కారు, అవే నంబర్లు పెట్టుకుని మీ చేతిలో టైమ్ పెరిగితే కంగారు పడకండి, ఒకసారి ఒక్కటే మార్చి ఐదు పరుగులు చూసి రాసుకోండి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తెలియదు. డబ్బు తీసుకుని ట్యూన్ అమ్మడం మాత్రం మా దగ్గర లేదు.

స్టార్ట్‌లో టైర్లు గిర్రున తిరుగుతున్నాయి, కారు కదలట్లేదు. ఏం చేయాలి?

ముందు లాంచ్ ఆర్‌పీఎం, అంటే బయల్దేరేటప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, తగ్గించండి. తర్వాత మొదటి గేరు కొంచెం పొడుగు చేయండి, అంటే దాని నంబరు తగ్గించండి. గేమ్‌లో టైర్ ప్రెషర్ మార్చే వీలుంటే గ్రిప్ వైపు జరపండి. అన్ని గేర్లకీ కలిపి వర్తించే ఫైనల్ డ్రైవ్ నంబరు 3.50 నుంచి 4.10కి పెంచితే కారు చురుగ్గా ఎగురుతుంది కానీ టాప్ స్పీడ్ తగ్గుతుంది, టైర్లకి పట్టు లేనప్పుడు ఆ చురుకంతా పొగ అయిపోతుంది.

మొదటి 60 అడుగుల టైమ్ మీద కన్నేసి ఉంచండి. అక్కడ ఆదా చేసిన పదో వంతు సెకను గీత దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అవుతుందని డ్రాగ్ రేసర్ల లెక్క. చివర్లో కాసేపు అదనపు వేగం ఇచ్చే నైట్రస్ ఎక్కడ నొక్కాలా అని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ 60 అడుగులు సరిచేసుకుంటే సగం పని అయిపోతుంది.

డయల్-ఇన్ ఎంత రాయాలి?

ఆ రోజు అదే ఫోన్‌లో, అదే ట్యూన్‌తో పది పరుగులు తీయండి. గేరు తప్పిన పరుగులు వదిలేయండి. మిగిలిన వాటిలో మీ బెస్ట్‌కి దగ్గరగా, దానికన్నా 0.01 లేదా 0.02 తక్కువ రాయండి. బెస్ట్ 12.52 అయితే 12.50 అన్నమాట. సగటు రాస్తే బాగా ఆడిన రోజునే బ్రేక్‌అవుట్ అవుతారు, బాధేస్తుంది. క్వాలిఫయింగ్‌లో కావాలని నెమ్మదిగా తోలి తర్వాత అసలు వేగం చూపిద్దామనుకుంటే, పాత వారాల టైములన్నీ షీట్‌లో ఉంటాయి, అడ్మిన్లు అడుగుతారు.

## రేసు రాత్రి

పచ్చ లైటు చూడగానే నొక్కుతున్నా, అయినా లేట్ వస్తోంది. ఎందుకు?

పచ్చ లైటు కోసం ఆగుతున్నారు కాబట్టే. కన్ను చూసి, వేలు కదలడానికి మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఫోన్ స్క్రీన్, టచ్ కలిసి ఇంకొంచెం తింటాయి. నిజమైన ట్రాక్ మీద క్రిస్మస్ ట్రీ లైట్లని రెండు రకాలుగా వెలిగిస్తారు: ప్రో ట్రీలో పసుపు లైట్లన్నీ ఒకేసారి వెలిగి 0.4 సెకన్లకి పచ్చ వస్తుంది, స్పోర్ట్స్‌మన్ ట్రీలో ఒక్కో పసుపు 0.5 సెకను తేడాతో దిగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు చివరి పసుపు వెలగగానే కదులుతారు, కారు కదిలేసరికి పచ్చ పడుతుంది. గేమ్‌లోనూ అంతే: పసుపుని చూసి ఎంతసేపటికి నొక్కితే 0.050 దగ్గర వస్తుందో మీ ఫోన్‌తో మీరే కనుక్కోవాలి. ఫోన్ మార్చితే ఆ లయ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. కొత్త ఫోన్ కొన్న వారమే ఓడిపోయామని బాధపడేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు.

నా కారు టైమ్ తక్కువ, అయినా ఓడిపోయానని ఎలా అంటారు?

దాన్ని హోల్‌షాట్ అంటారు. ఇద్దరూ సమానంగా బయల్దేరే రేసులో మీరు 0.150కి కదిలి 9.74 పరిగెత్తారు, మొత్తం 9.890. ఎదుటివాళ్లు 0.050కి కదిలి 9.80 పరిగెత్తారు, మొత్తం 9.850. వాళ్లే ముందు గీత దాటారు. స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే టైమ్ కారు కదిలినప్పటి నుంచి కొలిచింది, మీరు స్టార్ట్‌లో నిలబడిపోయిన క్షణం అందులో ఉండదు.

రెడ్ లైట్ పడితే రెండో ఛాన్స్ ఉందా?

లేదు. లైటు కన్నా ముందు కదిలితే ఆ రౌండ్ అయిపోయింది. ఒకరికి రెడ్ లైట్, ఇంకొకరికి బ్రేక్‌అవుట్ అయితే రెడ్ లైట్ వాళ్లే ఓడినట్టు, నిజమైన ట్రాక్ మీద కూడా అంతే.

మే నెలలో ఫోన్ వేడెక్కి గేమ్ తడబడుతోంది. ఏం చేయను?

కవర్ తీసేయండి, చార్జింగ్ పెట్టి ఆడొద్దు, బ్యాటరీ సేవర్ ఆపేయండి. వేడెక్కితే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, సెకనుకి 60 ఫ్రేములు చూపించేది 40కి పడిపోతుంది, మీ చేతి లయ అంతా పోతుంది. మన ఊళ్లో మేలో రాత్రి కూడా గది చల్లబడదు, అందుకని ఎండాకాలం 18 దాటినవాళ్ల రేసులు 9 తర్వాతకి జరుపుతాం, రెండు రౌండ్ల మధ్య పది నిమిషాలు ఇస్తాం. ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. ఫ్యాన్ కింద పెడితే చాలు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వాడొచ్చా?

వాడొచ్చు కానీ ఇంజిన్ శబ్దం విని గేరు మార్చే అలవాటుంటే వద్దు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, మామూలు ఇయర్‌బడ్స్‌లో పదో వంతు సెకను దాటిపోతుంది. వైరు ఇయర్‌ఫోన్ మేలు.

రేసు మధ్యలో కరెంటు పోయింది, నెట్ పోయింది. ఓడినట్టేనా?

గాలివాన పడిందంటే ఏదో ఒక ఏరియాలో కరెంటు పోవడం మనకు మామూలే. లైటు పడకముందు కనెక్షన్ పోతే మళ్లీ పరుగు. లైటు పడ్డాక పోతే సీజన్‌కి ఒక్కసారి రీరన్ ఇస్తాం, రెండోసారి రౌండ్ పోతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే మంచిది, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే చూపిస్తారు. లేకపోతే మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోండి. పింగ్ (నెట్‌లో సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం) ముందే చూసుకుని, నంబరు కన్నా అది ఎగిరిపడకుండా నిలకడగా ఉందా అన్నది గమనించండి.

పదహారు మంది రాకపోతే?

క్వాలిఫయింగ్ ప్రకారం ఒకటో వాడికి పదహారో వాడు, రెండుకి పదిహేను, అలా జతలు. 13 మందే వస్తే పై ముగ్గురికి మొదటి రౌండ్‌లో బై వస్తుంది, అంటే ఎదుటివాడు లేకుండానే రెండో రౌండ్‌కి వెళ్తారు. అయినా ఒక్కరే పరుగు తీసి వీడియో పంపాలి, ఊరికే కూర్చోకూడదు. ఒక్కో రౌండ్ గెలుపుకి 20 పాయింట్లు.

## గొడవలు, చీటింగ్

ఎదుటివాడు హ్యాక్ వాడుతున్నాడని అనుమానం. ఎవరికి చెప్పాలి?

అడ్మిన్‌కి విడిగా రాయండి, గ్రూపులో పేరు పెట్టి అరవకండి. మేం చూసేది ఇది. మనిషి చెయ్యి ప్రతిసారీ కొంచెం తేడాగా ఉంటుంది. ఎంత నిలకడైన ఆటగాడికైనా రియాక్షన్ వెయ్యో వంతుల్లో అటూ ఇటూ ఊగుతుంది. పది పరుగుల్లో పదిసార్లూ 0.012 వస్తుంటే అది చెయ్యి కాదు, దానంతట అదే నొక్కే ఆటో-ట్యాప్ యాప్. గేమ్ వేగం మార్చే యాప్ వాడితే స్క్రీన్ రికార్డింగ్‌లో పైన ఫోన్ గడియారం, గేమ్ టైమర్ ఒకదానికొకటి సరిపోవు. అందుకే రికార్డింగ్‌లో గడియారం కనిపించాలని పట్టుబడతాం. మోడ్ ఏపీకే, అంటే ఎవరో మార్చేసిన గేమ్ ఫైలు, దొరికితే ఆ సీజన్ అంతా బయటే.

తొందరపడి తప్పు చేశాం కూడా. మొదటి సీజన్‌లో ఒకతన్ని అనుమానంతో తీసేశాం. నెల తర్వాత అతని రికార్డింగులు మళ్లీ తీరిగ్గా చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి, అతను కేవలం చాలా బాగా ఆడుతున్నాడు. క్షమాపణ చెప్పాం, తిరిగి రాలేదు. అప్పటినుంచి ముగ్గురు అడ్మిన్లు విడివిడిగా వీడియో చూసి, ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప ఎవరినీ తీయడం లేదు.

గేమ్ రియాక్షన్ టైమ్ చూపించదు. మరి మీరు ఎలా కొలుస్తారు?

వీడియోలో ఫ్రేములు లెక్కపెడతాం. సెకనుకి 60 ఫ్రేముల రికార్డింగ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లు. పచ్చ లైటు వెలిగిన ఫ్రేము నుంచి కారు కదిలిన ఫ్రేము దాకా నాలుగు ఉంటే దాదాపు 0.067. ఇంతకన్నా సన్నగా కొలవలేం, అందుకే ఇద్దరి మొత్తాల మధ్య తేడా రెండు ఫ్రేముల లోపు ఉంటే ఎవరు గెలిచారో చెప్పం, మళ్లీ పరుగు పెడతాం. 30 ఫ్రేముల రికార్డింగ్ అయితే ఒక్కో ఫ్రేమే 33 మిల్లీ సెకన్లు, అలాంటి వీడియో తీసుకోం.

ఓడాక తిడుతున్నారు, ఏం చేస్తారు?

ఒకసారి హెచ్చరిక, రెండోసారి రెండు వారాలు బయట. అమ్మాయిల ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి మాట్లాడితే హెచ్చరిక లేదు, నేరుగా తీసేస్తాం.

## డబ్బు, చట్టం

తలా వంద వేసుకుని గెలిచినవాడికి ఇద్దాం, తప్పేముంది?

చాలా ఉంది. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని నిషేధించారు, నైపుణ్యంతో గెలిచే ఆట అన్న మినహాయింపు కూడా ఉంచలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకా స్పష్టం: గెలిస్తే డబ్బొస్తుందన్న ఆశతో ఫీజో డిపాజిట్టో కట్టి ఆడే ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఈ-స్పోర్ట్స్‌కి ఆ చట్టంలో వేరే దారి ఉంది, ఎంట్రీ ఫీజు, ప్రైజు కూడా ఉండొచ్చు, కానీ దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి. మాలాంటి చిన్న వాట్సాప్ లీగ్‌కి అవేమీ ఉండవు. అందుకే మా దగ్గర ఫీజు లేదు, నగదు ప్రైజు లేదు. గెలిచినవాళ్లకి అడ్మిన్లు సొంత జేబులోంచి ఒక చిన్న కప్పు, మిగతావాళ్లకి ఇరానీ చాయ్. ఇద్దరు మెంబర్లు తమలో తాము పందెం కాసుకున్నట్టు తెలిసినా ఇద్దర్నీ తీసేస్తాం.

గేమ్‌లో చాలు, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒకసారి నిజంగా తోలుదామా?

వద్దు. ఈ మాట సరదాకి అన్నా గ్రూపులోంచి తీసేస్తాం. పబ్లిక్ రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. చట్టం సంగతి అటుంచండి, అవతలి లేన్‌లో పిల్లల్ని తీసుకుని ఊరెళ్తున్న వాళ్లుంటారు. రెడ్ లైట్ పడితే మన ఆటలో ఒక రౌండ్ పోతుంది, అక్కడ మనుషులు పోతారు. నిజంగా ఇష్టముంటే దేశంలో మోటార్ స్పోర్ట్‌ని చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకుని, అనుమతితో జరిగే పోటీలకి వెళ్లండి. లోనావాలా వైపు ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద అలాంటి డ్రాగ్ పోటీలు జరిగాయి. మన హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు రోడ్డు పొడవునా ఎన్ని అడ్డుగోడలు, కంచెలు పెట్టారో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వేగానికి అంత ఏర్పాటు కావాలి.

## సొంతంగా పెట్టుకోవాలంటే

మా కాలేజీలో ఇలాంటి లీగ్ పెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎనిమిది మందితో, నాలుగు వారాలకి. మొదటి రేసుకి ముందే రూల్స్ ఒక పేజీలో రాసి అందరిచేత సరే అనిపించండి: రెడ్ లైట్, బ్రేక్‌అవుట్, నెట్ పోవడం, రీరన్, వీడియో ఎంతసేపట్లో పంపాలి. గొడవ వచ్చాక రాసిన రూలు ఎంత న్యాయమైనదైనా ఓడినవాడికి తన మీద రాసినట్టే ఉంటుంది. అన్ని టైములూ అందరికీ కనిపించే షీట్‌లో పెట్టండి. అడ్మిన్ ఆడుతుంటే అతని రేసుని ఇంకొకరు చూడాలి. సీజన్ మధ్యలో గేమ్ అప్‌డేట్ వచ్చి కార్ల వేగాలు మారితే ఆ వారం అందరి డయల్-ఇన్‌లూ కొత్తగా తీసుకోండి.

ఫైనల్ ఎందుకు ఒకచోట కూర్చుని ఆడతారు, ఎక్కడ?

ఒకే వైఫై, ఎదురెదురు కుర్చీలు, అందరి ముందూ ఫోన్లు. నెట్ గురించి, వీడియో గురించి ఎవరికీ అనుమానం మిగలదు. అమీర్‌పేటలో ఒక మెంబర్ వాళ్ల మేడ మీద గది ఉంది, మెట్రో రెడ్ లైను, బ్లూ లైను రెండూ అక్కడ కలుస్తాయి కాబట్టి మియాపూర్ వాళ్లకి, ఎల్బీ నగర్ వాళ్లకి, ఉప్పల్ వాళ్లకి కూడా సులువు. సాయంత్రం 5కి మొదలుపెట్టి చివరి మెట్రో అందేలా ముగిస్తాం. చార్జర్ తెచ్చుకోండి, ఫోన్ కవర్ తీసి బ్యాగులో పెట్టుకోండి, కాల్స్ రాకుండా డునాట్ డిస్టర్బ్ పెట్టండి. ఓడినా చివరిదాకా ఉండండి, ఫైనల్ రేసుకి చుట్టూ మనుషులుంటే ఆడేవాళ్ల చేతులు వణుకుతాయి, అది చూడాల్సిందే.